కానుగ కాయ ఊరు దాటకూడదు

పై వీడియోలో కానుగ కాయ ఎండబెట్టడం, పగలగొట్టడం, గింజ ఏరడం చూపించాను. అందులో చెప్పకుండా మిగిలిన మాట ఒకటి ఉంది, అది ఇక్కడ రాస్తున్నా. కానుగను కాయగా బస్తాలకెత్తి అమ్మడం మనం మానాలి. నూనె అమ్ముకోండి, తప్పు లేదు. చెక్క మాత్రం మన పొలానికే రావాలి.

ముందు కాయ సంగతి చూద్దాం. కానుగ కూడా పెసర, మినుము, సుబాబుల్ లాగా చిక్కుడు జాతి చెట్టే. కానీ వాటి కాయల్లాగా ఇది ఎండితే పగలదు. సుబాబుల్ కాయ చెట్టు మీదే విచ్చుకుని గింజలు రాలుస్తుంది, తర్వాత గట్టు నిండా మొక్కలే. కానుగ కాయ బల్లపరుపుగా, చెక్కలాగా గట్టిగా ఉండి, మూసుకునే కింద పడుతుంది. లోపల మామూలుగా ఒకటే గింజ, అక్కడక్కడా రెండు. కాయ నీళ్లలో తేలుతుంది. అందుకే వాగుల వెంట, కాలువ గట్ల మీద ఎవరూ నాటకపోయినా కానుగ కనిపిస్తుంది.

గింజలోనూ తేడా ఉంది. సుబాబుల్, నల్లతుమ్మ గింజల పైపెంకు గట్టిది, వేడినీళ్ల పని చేస్తే గానీ సరిగా మొలవవు. కానుగ గింజ మీద ఎర్రటి పల్చని పొర ఒక్కటే ఉంటుంది. కాపలా అంతా డొల్లదే. డొల్ల తీసి నాటితే ఏ శుద్ధీ లేకుండా వారం నుంచి నెల లోపు మొలక వస్తుంది. ఏడాది దాటిన గింజను మాత్రం నారుకు వాడొద్దు.

కాయ పగలదు కాబట్టి ఊడ్చి బస్తాకెత్తడం తేలిక. మాఘం నుంచి చైత్రం దాకా పోగేస్తాం, వ్యాపారి వస్తాడు, కాటా వేస్తాడు, పట్టుకుపోతాడు. అదే చెట్టు గింజ చెక్కగా మారి, మంచి బస్తాలో, మంచి ధరకు మన ఎరువుల దుకాణానికి తిరిగొస్తుంది. ‘బయటి నుంచి ఏదీ కొనకూడదు’ అని మీటింగుల్లో చెప్పుకునే మనమే అది కొంటున్నాం. నాకు కష్టంగా అనిపించేది ఇదే.

లెక్క వేద్దాం. 100 కిలోల ఎండు కాయలో గింజ సుమారు సగం, అంటే 50 కిలోలు. గింజలో నూనె 30 నుంచి 40 శాతం దాకా ఉన్నా, చిన్న ఎక్స్‌పెల్లర్‌లో చేతికొచ్చేది నాలుగో వంతు అనుకోండి. 12 కిలోల నూనె, 36 కిలోల దాకా చెక్క. చెక్కలో నత్రజని దాదాపు 4 శాతం, అంటే కిలోన్నరకి కాస్త తక్కువ.

‘ఇంతేనా, 3 కిలోల యూరియాతో సమానం కదా’ అంటారు. నత్రజని ఒక్కటే చూస్తే అంతే, దాచేదేమీ లేదు. కానీ యూరియాలో సేంద్రియ పదార్థం లేదు, భాస్వరం, పొటాష్ లేవు. చెక్కలో అవి కొద్దిగా ఉంటాయి. పైగా కానుగ గింజలో కరంజిన్ అనే పదార్థం ఉంది. మట్టిలో నత్రజని నైట్రేట్‌గా మారే వేగాన్ని అది తగ్గిస్తుంది. నైట్రేట్ అయితేనే కదా వాన నీళ్లతో కొట్టుకుపోయేది. ఆ చేదు గుణం వల్లే చెక్కను పశువులకు నేరుగా పెట్టకూడదు. పొలానికే దాని చోటు.

నూనె ధర మీద ఆశ పెట్టుకునే వాళ్లకు ఒక మాట. ఆదిలాబాద్ ప్రాంతంలోని పవర్‌గూడ ఆదివాసీ మహిళలు 2003లో కానుగ ద్వారా 147 టన్నుల కార్బన్ తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు అమ్మి 645 డాలర్లు తీసుకున్నారు. గర్వపడాల్సిన విషయమే. ఆ తర్వాత దేశమంతా బయోడీజిల్ మాటే. 2009 జాతీయ విధానం 2017 నాటికి 20 శాతం కలపాలని లక్ష్యం పెట్టింది. దాని దరిదాపులకు కూడా పోలేదు. ఇంధనం మార్కెట్ మన చేతిలో ఉండదు. చెక్క విలువ మన మట్టిలో ఉంది, దానికి ఏ విధానమూ అక్కర్లేదు.

చేయాల్సింది పెద్దదేం కాదు. పదిమంది కలిసి కాయ ఒకచోట పోసి, బాగా ఎండనిచ్చి కర్రతో కొట్టండి, లేదా డొల్ల తీసే మిషన్ అద్దెకు తెచ్చుకోండి. మిల్లు దగ్గర ‘నూనె నీకు, చెక్క మాకు’ అని ముందే మాట్లాడుకోండి. డొల్లలు చెట్ల పాదుల్లో మల్చింగ్‌గా వేయండి.

కొత్తగా నాటేవాళ్లు నిండుగా, ఏటా కాసే చెట్టు చూసుకోండి. కానుగ పరపరాగ సంపర్కం చెట్టు, కాబట్టి గింజ మొక్కకు తల్లి గుణాలన్నీ రావు. కొన్ని బాగా కాస్తాయి, కొన్ని నీడకే పనికొస్తాయి. ఖచ్చితంగా అదే కాపు కావాలంటే అంటుమొక్కే దారి.

మీ ఊళ్లో ఈ ఏడాది కాయ కిలో ఎంతకు పోయింది, చెక్క ఎంతకు కొన్నారు? రెండూ పక్కపక్కన కామెంట్‌లో రాయండి. ఎవరు ఎవరికి ఎరువు వేస్తున్నారో మనకే తెలుస్తుంది.