విమానాపహరణము: మొదటి గంట కర్తవ్యము

విమానమును దారి మళ్లించి, ప్రయాణికులను బందీలుగా పట్టి రాజ్యములను బెదరించుట ఢిల్లీ పెద్దల చింత మాత్రమేయని ఆదోని పత్తివర్తకులుగాని ఎమ్మిగనూరు నేతపనివారుగాని తలంపరాదు. 2021 మార్చిలో ఓర్వకల్లున ఉయ్యాలవాడ నరసింహారెడ్డిగారి పేరిట విమానాశ్రయము తెరవబడుటతో ఆకాశమార్గము మన పొలిమేరకే వచ్చినది. మన బిడ్డలు విద్యకును ఉద్యోగములకును దేశాంతరములు పోవుచున్నారు. ఈ విషయమున ప్రభుత్వమువారి విధానమును విచారించు హక్కు మనకును గలదు.

రెండు దృష్టాంతములను చూతము. 1993 ఏప్రిల్ 24వ తేదీన శ్రీనగరము పోవు విమానము నొక దుండగుడు పట్టుకొనెను. లాహోరువారు దిగనీయనందున అది అమృతసరమున దిగెను. అప్పుడు ప్రధానమంత్రి మన పి.వి. నరసింహారావుగారు. తెల్లవారకమునుపే జాతీయ భద్రతాదళమువారు లోనికి చొరబడి 141 మందిని క్షేమముగా విడిపించిరి. 1999 డిసెంబరు 24వ తేదీన ఖాట్మండునుండి వచ్చుచున్న విమానము నైదుగురు పట్టుకొనిరి. అదియు నా యమృతసరముననే ముప్పాతిక గంట నిలిచినను, దానిని కదలనీయకుండ ఆపలేకపోయిరి. ఒక ప్రయాణికుడు హతుడయ్యెను. విమానము కాందహారు చేరిన పిమ్మట, డిసెంబరు 31వ తేదీన ముగ్గురు ఖైదీలను విడిచి బందీలను తెచ్చుకొనవలసివచ్చెను. వారిలో నొకడగు మసూద్ అజహరు మరుసటి యేడే జైషే మహమ్మదు ముఠాను స్థాపించెను.

బందీల తల్లిదండ్రుల కన్నీటిని మేము తేలికగా చూడము. కాందహారున ప్రభుత్వమునకు వేరు మార్గము మిగిలియుండలేదన్నను ఒప్పుకొందుము. కాని ఆ మార్గములు మూసికొనిపోయినది అమృతసరముననే. జాప్యమే అసలు దోషము.

2005లో అపహర్తల కోర్కెలకు లొంగరాదని ప్రభుత్వమువారు విధానము నిర్ణయించిరి. 2016 నాటి నూతన శాసనము 2017 జూలై 5వ తేదీనుండి అమలునకు వచ్చినది. అపహరణమున బందీ మరణించినచో మరణదండన విధింపవచ్చును. నమ్మదగు బెదరింపు సైతము నేరమే. శాసనము మంచిదే. కాని చావునకు తెగించి వచ్చినవానికి ఉరికంబము భయమేమి?

అందుచేతనే అన్యరాజ్యముల సహకారము ముఖ్యము. అపహర్త దొరికిన రాజ్యము వానిని అప్పగింపవలెను, లేదా తానే విచారింపవలెనని 1970 నాటి హేగ్ ఒడంబడిక శాసించుచున్నది. 1984లో దుబాయిలో లొంగిపోయిన అపహర్తలను ఆ రాజ్యమువారు మనకు అప్పగించిరి. 1999లో తాలిబానులు అపహర్తలను పోనిచ్చిరి. అజహరును ఉగ్రవాదుల పట్టికలో చేర్చుటకు ఐక్యరాజ్యసమితికి 2019 మే 1వ తేదీవరకు పట్టినది! సహకారమన నేమో ఎమ్మిగనూరువారికి మేము చెప్పవలసిన పనిలేదు. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన నేతపనివారి సంఘము వారికి దానిని నేర్పినది. నలుగురు కట్టుబడిన నియమమును ఒక్కడు తప్పినను కట్టు సడలును. రాజ్యములకును అదియే ధర్మము.

కావున ప్రభుత్వమువారు పొరుగు రాజ్యములతో నేరస్థుల నప్పగించు ఒడంబడికలను గట్టిపరుపవలెను. నేలపైనున్న విమానమును ఆపు అధికారమెవరిదో ముందే నిశ్చయింపవలెను. ఓర్వకల్లువంటి చిన్న విమానాశ్రయములందును తరచుగా అభ్యాసములు జరుపవలెను. ఎనిమిదవ దినమున చూపు ధైర్యముకంటె మొదటి గంటలో చూపు మెలకువ వేయిమడుగులు మేలు.