ఇంటిచాకిరీకి ‘అన్‌ఫిట్’ ఉండదా?

నోటి క్యాన్సర్‌ని తొలిదశలోనే గుర్తిస్తే చాలామంది బతుకుతారు. ఇది నిజం. కానీ ఆరోగ్య ప్రచారమంతా ఈ ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. బతికిన స్త్రీ తర్వాత ఏం తింటోంది, ఎవరు వండిపెడుతున్నారు, మళ్ళీ పరీక్షకి ఎవరి డబ్బుతో వెళుతోంది? ఇవి వైద్యుల ప్రశ్నలు మాత్రమే కావు, స్త్రీల హక్కుల ప్రశ్నలు కూడా.

కాసిపేట వంటి బొగ్గుగని ఊళ్ళలో పొగాకు అలవాటు పనితో ముడిపడింది. భూగర్భంలో మీథేన్ వాయువు అంటుకునే ప్రమాదం ఉంది కనుక బీడీ, అగ్గిపెట్టె గనిలోకి తీసుకుపోవడం నిషేధం. అందుకని కార్మికులు తంబాకు నములుతారు. ఇంట్లో స్త్రీలు ఆకలిని, పంటినొప్పిని మరిచిపోవడానికి అదే తంబాకు బుగ్గన పెట్టుకుంటారు. జబ్బు వచ్చినప్పుడు మాత్రం మగవాడిది కష్టం వల్ల అబ్బిన అలవాటు, ఆడదానిది చెడ్డ అలవాటు!

స్త్రీల నోళ్ళను శాస్త్రం గమనించకపోలేదు. ఉత్తరాంధ్రలో చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే ‘అడ్డపొగ’ ఎక్కువగా స్త్రీల అలవాటే. దానివల్ల అంగిలిలో వచ్చే మార్పుల గురించి 10,169 మంది గ్రామీణులను పరీక్షించిన అధ్యయనం 1971లోనే వెలువడింది. తిరువనంతపురం జిల్లాలో 1996లో మొదలైన మరో అధ్యయనంలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోరు తెరిపించి చూశారు. పొగాకు, మద్యం అలవాటున్న వారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో తేలింది. అంటే తొలిదశలో గుర్తించడానికి పెద్ద యంత్రాలేవీ అక్కర్లేదు. మంచి వెలుతురు, శిక్షణ, ఓపిక చాలు.

గుర్తించాక? ఆపరేషన్‌తో కొందరికి సరిపోతుంది, కొందరికి రేడియేషన్ కూడా ఇస్తారు. దానితో లాలాజలం ఎండిపోవచ్చు, దవడ బిగుసుకోవచ్చు. కారం తగిలితే నోరు భగ్గుమంటుంది. రోజూ దవడకి వ్యాయామం చెయ్యాలి. పన్ను పీకించుకోవాలన్నా ముందు డాక్టరుకి రేడియేషన్ సంగతి చెప్పాలి. మొదటి ఏడాది ఒకటి నుంచి మూడు నెలలకోసారి పరీక్షకి వెళ్ళాలి. కాసిపేటలో ఒక అక్క నాతో అన్నది: “ఇంట్ల అందరికి కారం కూర వండుత. నాకు మాత్రం మజ్జిగన్నమే గతి.” ఆమెకు వేరే కూర వండేవాళ్ళు లేరు, తనకోసం రెండో కూర వండుకునే తీరికా లేదు.

సింగరేణి ప్రాంతంలో ‘మెడికల్ అన్‌ఫిట్’ అనే మాట తెలియని ఇల్లు ఉండదు. కార్మికుడి శరీరం దెబ్బతింటే బోర్డు కూర్చుంటుంది, కాగితం పుడుతుంది, వారసుడి ఉద్యోగం గురించి చర్చ మొదలవుతుంది. ఈ గుర్తింపు కార్మికులు పోరాడి తెచ్చుకున్నదే, దాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. అయితే 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనికి దూరం పెట్టింది. 2019లో గాని ఆ నిషేధం సడలలేదు. అన్ని దశాబ్దాలూ గని ఊళ్ళలో అత్యధిక స్త్రీలు ‘కార్మికుడి భార్య’గానే లెక్కకొచ్చారు. చికిత్స కూడా ఆ హోదాలోనే. పొయ్యి దగ్గర చేసే చాకిరీకి ‘అన్‌ఫిట్’ సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు ఎక్కడుంది?

ముందు ప్రాణాలు కాపాడండి, ఇవన్నీ తర్వాత చూద్దాం అనేవారు ఉంటారు. కానీ జబ్బు తిరగబెట్టే ప్రమాదం మొదటి రెండేళ్ళలోనే ఎక్కువ. కూలి పోతుందనో, తోడు వచ్చేవాళ్ళు లేరనో ఆమె పరీక్ష మానుకుంటే, ముందుగా గుర్తించిన ఫలితమే చేజారుతుంది.

కాబట్టి మనం అడగవలసినవి స్పష్టం. పరీక్షకి వెళ్ళిన రోజు కూలి, ఆమెకీ తోడువచ్చిన వారికీ బస్సు ఖర్చు ఇవ్వాలి. దంత, మాట చికిత్స దగ్గరి ఆస్పత్రిలోనే దొరకాలి. తంబాకు మానడానికి నింద లేని సాయం కావాలి. ఇక ఇంట్లో అడగవలసింది ఒకటుంది. గరిటె మగవాళ్ళూ పట్టుకోవాలి. బతికించామని చెప్పుకునే సమాజం, ఆమె కడుపునిండా తినేలా కూడా చూడాలి.