చెయ్యి తిరగడమంటే ఏమిటి?

మృదంగమో తబలానో బాగా వాయించేవారిని 'చెయ్యి తిరిగినవారు' అంటాం. చక్కని మాటే. కాని తిరిగినది చెయ్యి ఒక్కటే కాదనీ, దానితోపాటు మెదడు కూడా తిరిగిందనీ మనం మరచిపోతుంటాం.

ఒక చిన్న ప్రయోగం చేయండి. ఎడమచేత్తో కుడి ముంజేతిని పట్టుకొని, కుడిచేతి వేళ్ళను ముడిచి చాచండి. ముంజేతిలో కదలిక తెలుస్తుంది. వేళ్ళను ఆడించే బలమైన కండరాలు అక్కడే ఉన్నాయి. గట్టి తాళ్ళవంటి స్నాయుబంధనాల ద్వారా అవి వేళ్ళను లాగుతాయి.

కండరం లాగగలదే కాని నెట్టలేదు. కనుకనే కండరాలు జంటలుగా ఉంటాయి. మణికట్టును వంచేది ఒక జట్టు, తిరిగి లేపేది మరొక జట్టు. కొత్తగా నేర్చుకొనేవారిలో ఈ రెండూ ఒకేసారి బిగుసుకుంటాయి. బండికి ముందొక ఎద్దును, వెనకొక ఎద్దును కట్టి తోలినట్లన్నమాట! బలం ఖర్చవుతుంది, బండి కదలదు. సాధన పెరిగినకొద్దీ ఒకటి బిగిసినప్పుడు రెండవది సడలడం నేర్చుకుంటుంది.

జపాన్ పరిశోధకులు 2009లో ప్రచురించిన పరిశోధనలో, వేగంగా డ్రమ్ము వాయించడంలో ప్రపంచ విజేత అయిన ఒక వాద్యకారుని మణికట్టు కండరాలలోని విద్యుత్ సంకేతాలను నమోదు చేశారు. వాద్యం రానివారు ఒక చేత్తో సెకనుకు 5 నుండి 7 దెబ్బలు వేస్తే, ఆయన 10 వేశాడు. ఆయన కండరాలు ఒకదానికొకటి అడ్డుపడకుండా వంతులవారీగా పనిచేశాయి.

ఈ వంతులు కుదర్చడంలో అనుమస్తిష్కానికి ముఖ్యపాత్ర ఉంది. అనుకున్న కదలికకూ జరిగిన కదలికకూ ఉన్న తేడాను గమనించి అది సవరిస్తూ ఉంటుంది. మృదంగ గురువులు 'త ధి తొం నం' అనే తొలి పాఠాన్ని ముందు నిదానంగా, తరువాతనే రెండవ, మూడవ కాలాల్లో చేయించడం ఇందుకే. తొందరపడి బిగిసిన చేతితో సాధన చేస్తే, బిగుసుకోవడమే అలవాటవుతుంది.

ఇక అసలు మాట. మృదంగ విద్వాంసునికి సభలో శాలువా కప్పుతాం. పెళ్ళి ఊరేగింపులో డప్పు కొట్టేవారిని మాత్రం ఎన్నో ఊళ్ళలో ఎంతోకాలం దూరంగా నిలబెట్టాం. వారి రెండు చేతుల్లోని పుల్లలు రెండు వేరువేరు పనులు చేస్తుంటే, కాళ్ళు అదే తాళానికి అడుగులు వేస్తాయి. ఇది తక్కువ విద్యా? అనుమస్తిష్కం ఎవరినీ కులమడగదు. ఆడా మగా అని కూడా అడగదు. మృదంగం మగవారి వాద్యమని అనుకొనే రోజుల్లో నేర్చుకున్న దండమూడి సుమతి గారికి 2021లో పద్మశ్రీ లభించింది.

'చేతిపని వేరు, తెలివి వేరు' అనే మాట శరీరశాస్త్రం ముందు నిలవదు. కాబట్టి సంగీతం, చేతిపనుల పీరియడ్లను లెక్కలకో ఇంగ్లీషుకో ఇచ్చేయడం తగదని నా అభిప్రాయం. అవి కూడా మెదడుకు చదువే.

మీ బడి సైన్సు క్లబ్బుకు మీ ఊరి డప్పు కళాకారుని ఒకసారి పిలవండి. కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఆయన అనుమతితో, నిదానంగా వాయిస్తుండగా ఆయన ముంజేతిమీద మీ చెయ్యి వేసి చూడండి. తరువాత అదే దెబ్బను మీరు వేస్తూ మీ ముంజేతిని పట్టుకొని చూడండి. తేడా మీకే తెలుస్తుంది.