పింఛను అందుతోంది, ఇక ఒక మనిషిని పంపండి

సూర్యాపేట జిల్లా కలెక్టర్ గారికి,

చిలుకూరు నుంచి రాస్తున్నాను. వీసా బాలాజీ ఉన్న చిలుకూరు కాదు, కోదాడ నుంచి హుజూర్‌నగర్ పోయే దారిలో ఉన్న మన జిల్లా చిలుకూరు. కల్లుగీత మా ఇంటి వృత్తి. మోకు జారి తాటిచెట్టు మీద నుంచి పడ్డాను. నడుము కింద కదలికా లేదు, స్పర్శా లేదు. సదరం సర్టిఫికెట్ ఉంది, వీల్‌చైర్ ఉంది, 2023లో 4,016 రూపాయలకు పెరిగిన పింఛను అందుతోంది. అవి అడగడానికి రాయడం లేదు. నేను అడిగేదానికి ప్రజావాణి అర్జీలో గడి లేదు, అందుకే నలుగురి ముందూ రాస్తున్నాను.

వెన్నుపాము దెబ్బతింటే ఆపరేషన్ చేసే డాక్టరు దొరుకుతాడు. రాడ్లు వేస్తారు, కుట్లు విప్పుతారు, డిశ్చార్జి చీటీలో ఫిజియోథెరపీ చేయించుకోమని రాస్తారు. ఇంటికొచ్చాక మొదలయ్యే బతుకు ఆ చీటీలో ఉండదు. మంచంలో రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పిరుదుల మీద పుండు పడుతుంది, అది ఎముక దాకా పోతుంది, మనిషినే తీసుకుపోతుంది. కుర్చీలో కూర్చున్నా మధ్యమధ్య చేతుల మీద ఒళ్లు పైకి లేపాలి. గాలి ట్యూబు మీద కూర్చోమని ఊరంతా సలహా ఇస్తుంది. ఆ ట్యూబు అంచులు చుట్టూ రక్తప్రసరణను ఇంకా నొక్కేస్తాయని చెప్పేవాడుండడు. స్పర్శ లేని కాళ్ల మీద వేడినీళ్లు పోసి బొబ్బలెక్కించుకున్నవాళ్లు ఎందరో.

ఇవన్నీ నాకు చెప్పింది మిర్యాలగూడ రైస్‌మిల్లులో బస్తా మీద పడి మెడ దెబ్బతిన్న హమాలీ ఒకాయన. నాకంటే చాలా ముందు నుంచీ చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఎవరో చెబితే వెతుక్కుంటూ మా ఇంటికొచ్చాడు. "కాళ్ల సంగతి తర్వాత తమ్మీ, ముందు ఉచ్చ సంగతి చూసుకో" అన్నాడు, వచ్చీరాగానే. నాలుగైదు గంటలకోసారి శుభ్రమైన గొట్టంతో మూత్రం తీసుకోవడం, రోజూ ఒకే వేళకు దొడ్డికి కూర్చోవడం దగ్గరుండి నేర్పాడు. డాక్టరును అడగడానికి నోరు రాని ప్రశ్నలుంటాయి సార్. ఆలుమగల సంగతి, పిల్లలు పుడతారా లేదా అన్న సంగతి. అవి ఆయన్నే అడిగాను. ఆయన భార్యా నా భార్యా వంటింట్లో చాలాసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో మాకు చెప్పలేదు. నేను పడ్డాక మా ఇంట్లో ఆడవాళ్లు నవ్వడం అదే మొదటిసారి వినడం.

ఆయనది ఇంకో గండం. ఛాతీ మధ్యకు పైన వెన్ను దెబ్బతిన్నవాళ్లకు మూత్రం గొట్టం మడతపడి మూత్రాశయం నిండితే చాలు, బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది, తల పగిలిపోతున్నట్టుంటుంది, ముఖమంతా చెమటలు. అప్పుడు ముందు చేయాల్సింది లేపి కూర్చోబెట్టి గొట్టం సరిచేయడం. ఇది తెలియక ఉత్త బీపీ మాత్ర ఇచ్చి పడుకోబెడితే ప్రాణం మీదికొస్తుంది.

ఆయన మా ఇంటికి రావడం నా అదృష్టం. అదృష్టం లేనివాడి సంగతేమిటన్నదే నా బాధ.

దెబ్బ తిన్నవాళ్లే దెబ్బ తిన్నవాళ్లకు దారి చూపడం కొత్త ఆలోచనేమీ కాదు. 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను విరిగిన డాక్టర్ మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో మొదలైన వెల్లూరు పునరావాస కేంద్రం వెనుక ఉన్నది ఆమే. మెడ కింద ఒళ్లంతా చచ్చుబడిన ఎస్. రామకృష్ణన్ 1981లో తమిళనాడు ఆయికుడిలో అమర్ సేవా సంగం పెట్టాడు. సర్కారుకూ ఈ దారి తెలుసు. హెచ్ఐవీ కార్యక్రమంలో పీర్ ఎడ్యుకేటర్లున్నారు. క్షయ నుంచి బయటపడ్డవాళ్లను టీబీ ఛాంపియన్లంటూ రోగుల దగ్గరికి పంపుతున్నారు. వెన్నుపాము దగ్గరికొచ్చేసరికే ఎవరూ లేరు.

లెక్కల్లోనే మేం కనపడం మరి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలున్నా వెన్నుపాము దెబ్బకు విడిగా పేరు లేదు. కదలికల వైకల్యం అనే ఒకే పద్దులో పోలియో వచ్చినవాళ్లూ మేమూ కలిసే ఉంటాం. పోలియో కాలికి స్పర్శ ఉంటుంది, మూత్రం తెలుస్తుంది. మాలో చాలామందికి రెండూ ఉండవు. 2024లో గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు, సంతోషం. నా తమ్ముళ్లు పడకుండా ఉంటారు. అప్పటికే పడ్డవాళ్లం మిగిలాం. 65వ నంబరు జాతీయ రహదారి మాలో ఇంకొందరిని కలుపుతూనే ఉంది.

అందుకని అడుగుతున్నాను. సూర్యాపేట జనరల్ ఆసుపత్రిలోనూ కోదాడ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ వెన్ను దెబ్బతో వచ్చినవాళ్లను ఇంటికి పంపే ముందు, ఆ దెబ్బతో ఏళ్లుగా బతుకుతున్న మనిషి ఒకరు మంచం పక్కన కూర్చునేలా చూడండి. ఆడవాళ్లయితే ఆడమనిషినే పంపండి. వైకల్య నిర్ధారణ క్యాంపులో వెన్నుపాము కేసులను విడిగా రాయించండి, అప్పుడే ఏ ఊళ్లో ఎవరున్నారో తెలుస్తుంది. నెలకోసారి కోదాడలో కలుసుకోవడానికి ర్యాంపు, కుర్చీ పట్టే మరుగుదొడ్డి ఉన్న గది ఒకటి ఇప్పించండి. రాయితీ పాసు జేబులో ఉన్నా బస్సు మెట్లు ఎక్కలేం కనుక ఆటో కిరాయి కూడా. చట్టం చెప్పిన జిల్లాస్థాయి వైకల్య కమిటీ ముందు ఈ విషయం పెట్టండి, మమ్మల్నీ పిలవండి.

ఒక్క మాట. సేవాభావం పేరుతో ఊరికే చేయమనకండి. ఇది నేర్చుకున్న పని. నెలనెలా గౌరవ వేతనం ఇచ్చి చేయించండి.

ఇట్లు,
చిలుకూరు కల్లుగీత కార్మికుడొకడు