మంచు ఊరు లంబసింగి

పోయినసారి ఊరగాయ జాడీల ముచ్చట చెప్పుకున్నాం కదా. ఈసారి వంటింటి గడప దాటి మిమ్మల్ని కాస్త దూరం తీసుకుపోతాను. స్వెట్టరు ఉంటే వేసుకోండి. లేదంటారా, మా వారి మఫ్లరు ఉంది, ఇస్తాను.

మాది కేసముద్రం. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లా. కాజీపేట నుంచి విజయవాడ పోయే రైల్లో కూర్చుంటే దారిలో మా స్టేషను కనిపిస్తుంది. మాకు తెలిసినవి పసుపు, మిర్చి, మక్కలు, ఎండ. చలి అంటే సంక్రాంతి ముందు పొద్దున పూట రెండు గంటలు, అంతే. అట్లాంటి నేను పోయిన డిసెంబరులో లంబసింగి చూసి వచ్చాను. మా ఆడబిడ్డ వాళ్ళాయన ఉద్యోగరీత్యా నర్సీపట్నంలో ఉంటున్నారు. "వదినా, ఎన్నేళ్ళని ఆ పొయ్యి దగ్గరే ఉంటావు, ఒక్కసారి రా" అని మూడేళ్ళ నుంచి పిలుస్తోంది. పసుపు తవ్వకాలు మొదలు కాకముందే పోయొద్దామని మా వారు ఒప్పుకున్నారు.

రాత్రి రైలెక్కి తునిలో దిగాం. అక్కడి నుంచి నర్సీపట్నం బస్సులో గంట పైన పడుతుంది. ఒకరోజు విశ్రాంతి తీసుకుని, మర్నాడు తెల్లవారుజామున మూడున్నరకే లేపింది మా ఆడబిడ్డ. అంత పొద్దున్నే ఎందుకంటే, సూర్యుడు పైకొస్తే మంచు ఉండదట. నర్సీపట్నం నుంచి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. డౌనూరు దాటాక ఘాట్ మొదలవుతుంది. ఒకవైపు కొండ, ఒకవైపు లోయ. ఒక మలుపు తిరగగానే ఇంకో మలుపు. జీపు లైట్ల వెలుతురులో రోడ్డు పక్కన పేర్చిన రాళ్ళు కనిపిస్తున్నాయి. నేను నిమ్మకాయ వాసన చూస్తూ, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తల్చుకుంటూ కూర్చున్నాను. ఆ రాళ్ళ గురించి అప్పుడు నాకేమీ తెలియదు.

ఊరు చాలా చిన్నది. రోడ్డుకు అటూ ఇటూ కొన్ని ఇళ్ళు, టీ కొట్లు, చలిమంటలు. అంతే. ఇది చింతపల్లి మండలంలో ఉంది. ముందు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. పాతవాళ్ళు లమ్మసింగి అంటారు. ఇంకో పేరు కొర్రబయలు. కొర్ర అంటే కట్టె. రాత్రి బయట ఉండిపోయినవాడు పొద్దుటికి కట్టెలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందట. జీపు దిగి రెండు నిమిషాలు నిలబడితే ఆ పేరు అబద్ధం కాదని తెలిసిపోయింది. వేళ్ళు పనిచేయలేదు. పర్సు తెరవలేక టీ డబ్బులు మా ఆడబిడ్డే ఇచ్చింది.

మన తెలుగు నేల మీద ఇంత చలి ఎందుకని నాకు అనుమానం వచ్చింది. తెలుసుకున్నది మనకు అర్థమయ్యేట్టు చెబుతాను. ఈ ఊరు సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. కిలోమీటరు పైకి పోతే ఆరు డిగ్రీల దాకా వేడి తగ్గుతుంది. దానికి తోడు చలికాలం రాత్రుళ్ళు ఆకాశంలో మబ్బు ఉండదు. మూత తీసిన గిన్నెలో కూర తొందరగా చల్లారినట్టు, మబ్బు మూత లేని భూమి తొందరగా చల్లారుతుంది. చల్లబడిన గాలి బరువుగా ఉంటుంది కనుక కొండల మీది నుంచి జారి, మధ్యలో గుంటలా ఉన్న చోట నిలబడిపోతుంది. అందుకే డిసెంబరు, జనవరి నెలల్లో కొన్నేళ్ళు సున్నా డిగ్రీల దగ్గరికి కూడా పోయింది. ఆంధ్రా కాశ్మీర్ అని పేరు పెట్టారు. మంచు కురవదు, పొగమంచు మాత్రం పాలపొంగులా ఉంటుంది. దగ్గర్లో చెరువులవేనం అనే కొండ మీదికి పోతే మబ్బులు మన కాళ్ళ కింద ఉంటాయి. మా వారు అక్కడ పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడ్డారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంతసేపు ఊరికే నిలబడింది నేను చూడలేదు.

తొమ్మిదింటికి ఎండ వచ్చాక అసలు ఊరు కనిపించింది. పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని పట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు. కాఫీ పండ్లు ఎర్రగా రేగుపండ్లలా గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. నోట్లో వేసుకుంటే పైతోలు తియ్యగానే ఉంది. ఈ కొండల కాఫీకి 2019లో అరకు వ్యాలీ అరబికా అనే పేరుతో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈమధ్య స్ట్రాబెర్రీ తోటలు కూడా వేస్తున్నారు. ఇక్కడ ఉండేది ఎక్కువగా బగత, కొండదొర వంటి గిరిజనులు.

రోడ్డు పక్కన గోనెపట్టా పరుచుకుని ఒక పెద్దామె కూర్చుంది. అరవై ఏళ్ళుంటాయేమో. రాజ్మా గింజలు, పసుపు కొమ్ములు, మిరియాలు కుప్పలుగా పోసింది. చింతపల్లి వైపు రాజ్మా బాగా పండుతుంది, మీరు కొట్టులో కొనేదాని కంటే గింజ మెత్తగా ఉడుకుతుంది. నా చూపు మాత్రం పసుపు మీదే పడింది. పసుపు ఊరిదాన్ని కదా! ఒక కొమ్ము విరిచి చూశాను. లోపల రంగు బాగుంది. పైన నున్నగా లేదు. మా దగ్గర ఉడకబెట్టి, ఎండబెట్టి, డ్రమ్ములో వేసి తిప్పి మెరుపు తెస్తారు. వీళ్ళు కొందరు రెండేళ్ళు భూమిలో ఉంచి తవ్వుతారని ఆమె చెప్పింది.

ఇక నా బుద్ధి చెబుతాను, తిట్టుకోకండి. డబ్బా రాజ్మా అరవై అంది. నేను యాభై అన్నాను. పసుపుకీ అట్లాగే పది తగ్గించమన్నాను. పైగా "మాది పసుపు ఊరే, నాకు ధరలు తెలుసు" అని గొప్పగా చెప్పాను. ఆమె ఏమీ గొడవపడలేదు. కొలిచి పోసింది. "ఏ ఊరమ్మా, ఎలగొచ్చినారు?" అని అడిగింది. ఘాట్ రోడ్డులో భయపడ్డాను అని చెప్పాను. దానికి ఆమె నవ్వి, "ఆ రోడ్డు మా తాతలు ఏసిందే. రాయి మోసినారు, దెబ్బలు తిన్నారు, కూలి లేదు" అంది. ఇంకొకరు వచ్చి మిరియాలు అడిగితే అటు తిరిగిపోయింది.

ఆ మాట నాకు ముల్లులా దిగింది. సాయంత్రం నర్సీపట్నం చేరాక మా ఆడబిడ్డ వాళ్ళ ఇంటి ఓనరు, రిటైరైన మాస్టారు, ఆయన్ను అడిగాను. "అది తెలియకుండా లంబసింగి ఏం చూశావమ్మా" అని, భోజనాల వేళ దాకా చెబుతూ కూర్చున్నాడు.

తెల్లదొరల కాలంలో ఈ కొండలను మన్యం అనేవారు. అడవి కొట్టి, కాల్చి, ఆ బూడిదలో గింజలు చల్లి పండించుకునేది పోడు సేద్యం. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. దాంతో పోడు కొట్టడం నేరమైంది, పశువులను మేపుకోవడానికీ కట్టెలు తెచ్చుకోవడానికీ ఆంక్షలు వచ్చాయి. మనం వంటచెరకు అనే మాటే మరిచిపోతున్నాం, గ్యాసు వచ్చింది కాబట్టి. కట్టె తెచ్చుకుంటే జరిమానా అంటే ఆ ఇంటి ఇల్లాలు పొయ్యి ఎట్లా రాజేసుకుందో ఆలోచించండి.

అప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు పేరు బాస్టియన్. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా కొండల్లోకి రోడ్డు వేయించే పని అతని చేతిలో పడింది. గిరిజనులను బలవంతంగా పనికి తీసుకొచ్చారు. ఇస్తామన్న కూలి ఇవ్వలేదు, ఇచ్చినా అరకొర. ఎదురు మాట్లాడినవాళ్ళను కొట్టించాడు. బట్టిపనుకుల గ్రామ మునసబు గాం గంటందొర ఉద్యోగం పోయింది కూడా ఈ బాస్టియన్‌తో వచ్చిన తగాదాల వల్లనే. గంటందొర, అతని తమ్ముడు మల్లుదొర తర్వాత అల్లూరి సీతారామరాజుకు కుడిభుజంగా నిలిచారు.

ఆ తర్వాతది 1974లో కృష్ణ సినిమా చూసిన మీ అమ్మలందరికీ తెలుసు. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్ల మీద పడి తుపాకులు తీసుకుపోయారు. ఏమేం తీసుకున్నదీ రాసి సంతకం పెట్టి మరీ పోయాడు రాజు. ఆ చింతపల్లి లంబసింగికి ఎంతో దూరం లేదు, సుమారు 20 కిలోమీటర్లు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర రాజును కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. గంటందొర కూడా అదే ఏడు పోలీసుల తూటాలకు బలయ్యాడు. మల్లుదొరను అండమాన్ జైలుకు పంపారు. అదే మల్లుదొర 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఈ సంగతి నాకు అస్సలు తెలియదు, మీలో ఎంతమందికి తెలుసో!

మాస్టారు చెబుతుంటే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా నిజాం ఇలాకాలో దాని పేరు వెట్టి. మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళమ్మ దొర గడీలో వడ్లు దంచడానికి పోయేదట. పాలు తాగే పిల్ల ఇంట్లో ఏడుస్తున్నా, దంచడం అయ్యేదాకా రావడానికి లేదు. ఇంట్లో ఏ పెళ్ళి ఉన్నా సరే, పిలుపు వస్తే పోవాలి. నాయనమ్మ వాళ్ళ నాన్న దొర కచ్చడం ముందు పరుగెత్తేవాడు. ఆ తర్వాత 1946 నుంచి 1951 దాకా సాయుధ పోరాటం నడిచిన రోజుల్లో ఇదంతా కదిలిపోయింది. నాయనమ్మ ఈ కథ ఎప్పుడు చెప్పినా రోట్లో ఏదో ఒకటి దంచుతూనే చెప్పేది. ఆ దంచుడు చప్పుడులో సగం మాటలు వినపడేవి కావు, నేనూ మళ్ళీ అడిగేదాన్ని కాదు. అడిగి ఉంటే బాగుండేది.

ఇంకొకటి. మా బాపు పసుపు అమ్మి ఇంటికొచ్చిన రోజు, ధర ఎట్లా పడిందో మేం అడిగేవాళ్ళం కాదు. చెప్పులు విడిచే తీరు చూసి మా అమ్మ చెప్పేసేది. ధర తగ్గిన రోజు ఆ రాత్రి కూరలో నూనె కూడా తగ్గేది. ఆ ఇంట్లో పుట్టి, ఆ పెద్దామె దగ్గర పది రూపాయల కోసం నేను పట్టుపట్టాను.

మర్నాడు మా వారిని బతిమాలి మళ్ళీ జీపు ఎక్కించాను. ఆయన విసుక్కున్నారు, "ఇరవై రూపాయల కోసం ఎనిమిది వందల జీపా" అని. మా ఆడబిడ్డ నవ్వింది. నవ్వనీయండి. ఈసారి ఘాట్‌లో కళ్ళు మూసుకోలేదు, రాళ్ళు చూస్తూ పోయాను. పెద్దామె అక్కడ లేదు. ఆ రోజు వేరే ఊళ్ళో సంత అట, అటు పోయిందని పక్క టీ కొట్టామె చెప్పింది. ఇరవై రూపాయలు ఆమె చేతిలో పెట్టి ఇవ్వమన్నాను. "ఎందుకమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలో తెలియక "బాకీ" అన్నాను.

ఆ రెండోసారి ఇంకోటి కూడా కనిపించింది. ముందురోజు మంచులో కనపడని ప్లాస్టిక్ గ్లాసులు, చిప్స్ కవర్లు, సీసాలు రోడ్డు కిందికి లోయలో వేలాడుతున్నాయి. మేం తిన్న ఇడ్లీ పొట్లాల కవరు కూడా అందులో ఎక్కడో ఉండాలి. టీ కొట్టామె ఆదివారం సాయంత్రం చీపురు పట్టుకుంటే సోమవారం మధ్యాహ్నం దాకా ఊడుస్తుందట. అయితే సందర్శకులు వస్తున్నందుకే తన కూతురు చింతపల్లిలో చదువుకుంటోందనీ అంది. రెండూ ఆమె మాటలే, ఒకే గుక్కలో చెప్పింది.

ఇక ఆ రాజ్మా ఎట్లా వండానో చెప్పకపోతే మీరు ఊరుకోరు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, కొత్త నీళ్ళలో కుక్కర్లో ఆరేడు విజిల్స్ రానివ్వాలి. రాజ్మా సగం ఉడికింది తింటే కడుపులో తిప్పుతుంది, వాంతులవుతాయి. అందుకని వేలితో నొక్కితే పిండిలా నలగాలి. ఉల్లిగడ్డ, టమాట, అల్లం వెల్లుల్లి మామూలే. నేను పంజాబీ మసాలా వేయలేదు. మా తెలంగాణ పద్ధతిలో నువ్వులు, ఎండుకొబ్బరి వేయించి పొడి చేసి, కొంచెం చింతపండు పులుసు పోశాను. జొన్నరొట్టెలోకి బ్రహ్మాండంగా కుదిరింది. ఆ కొండ మిరియాలు దంచి పైన చల్లాను. ఘాటు ముక్కుకు పోయి మా వారికి నాలుగు తుమ్ములు వచ్చాయి.

పసుపు మాత్రం మా బాపుకు చూపించాను. ఆయన కొమ్ము విరిచి, వాసన చూసి, నాలుక మీద పెట్టుకుని, "ఎంతకిచ్చింది?" అన్నాడు. చెప్పాను. ఆయన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "విత్తనానికి రెండు కొమ్ములు పచ్చివి తేవాల్సింది" అన్నాడు.

మళ్ళీ డిసెంబరుకు మా ఆడబిడ్డ రమ్మంటోంది. ఈసారి బాపును తీసుకుపోతాను. ఆయనకు జీపు పడదు, నిమ్మకాయలు రెండు ఎక్కువే పెట్టుకోవాలి.