ఎర్రని అక్షరాలకు తెలుగులో మందు

మాలూరు నుండి రైలెక్కి బెంగళూరుకు పోయి కంప్యూటరు విద్య నేర్చే మన పిల్లలు, తెరపై ఎర్రని అక్షరాలు బారులు తీరగానే “ఈ చదువు మాకు అబ్బదు” అని కుంగిపోతున్నారు. వారి బుద్ధికి లోటేమీ లేదు. తమ నుడిలో విడమరచి చెప్పేవారే కరవయ్యారు.

పెంకులకు పేరుపడ్డ ఊరు మనది. ఒక అచ్చు పెంకు మరో అచ్చు పెంకుతో పొసగదని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు. జావాస్క్రిప్ట్‌లోనూ అంతే. బటన్లు, పట్టికలు సిద్ధంగా అందించే ‘మెటీరియల్ యూఐ’ 4వ వెర్షన్, తనకు రియాక్ట్ 16 గాని 17 గాని తోడుండాలంటుంది. మన దగ్గర 2022లో వచ్చిన 18 ఉంటే, ప్యాకేజీలను తెచ్చిపెట్టే ఎన్‌పీఎం ‘ఈరిజాల్వ్’ అని పని ఆపేస్తుంది. 2020లో వచ్చిన దాని 7వ వెర్షన్ నుండి ఇదే పద్ధతి. ‘ఫోర్స్’ అని బలవంతపెడితే పని సాగవచ్చు గాని, తగవు లోపలే మిగులుతుంది. ఏది దేనిని కోరుతున్నదో సందేశంలో చదివి, 18తో పొసగే 5వ వెర్షన్‌కు మారడమే మందు. అప్పుడు కోడ్‌లో కొన్ని పేర్లు మార్చుకోవాలి.

ఆరితేరినవారికీ ఈ చిక్కులు తప్పలేదు. 2016 మార్చిలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే 11 పంక్తుల ప్యాకేజీని దాని కర్త తొలగించగా, బేబెల్ మొదలుకొని ఎన్నో ప్రాజెక్టుల నిర్మాణం నిలిచిపోయింది.

ఈ నాలుగు ముక్కలు తెలుగులో చెప్పలేమా? బడిలో కన్నడం, కొలువులో ఇంగ్లీషు ఉండనీయండి. వాటితో మనకు తగవు లేదు. కొత్త విద్యకు తెలుగు చాలదన్న అపోహతోనే మన పోరు. కొలువుల్లో ఉన్న అన్నలు, అక్కలు ఆదివారం ఒక గంట తమ్ముళ్లను, చెల్లెళ్లను కూర్చోబెట్టుకొని తెలుగులో చెప్పాలి. చెప్పినదాన్ని తెలుగులో రాసిపెట్టాలి. మాలూరులోనే మొదలుపెడదాం.