అగ్నివీర్‌కు నాలుగేళ్ల తర్వాత చేతికొచ్చేది ఎంత? జవాన్ పింఛన్‌కు, సేవా నిధికి తేడా ఇదే

త్రిపురారం: ఆర్మీ ఉద్యోగం అంటే ఊళ్లో ఇన్నాళ్లూ ఒకటే లెక్క. పదిహేనేళ్లు సర్వీస్ చేస్తే చాలు, బతికున్నంత కాలం పింఛన్. ఆ తర్వాత భార్యకు ఫ్యామిలీ పింఛన్. సాగర్ ఎడమ కాలువ నీళ్ల మీద ఆధారపడ్డ త్రిపురారం, మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పల్లెల్లో కూడా ఇదే నమ్మకం. వానలు పడకపోయినా, కాలువ రాకపోయినా, నెల తిరిగేసరికి ఖాతాలో పడే డబ్బు అది.

ఇప్పుడు ఆ లెక్క మారింది. 2022 చివర్లో చేరిన అగ్నివీర్ తొలి బ్యాచ్‌లకు 2026 చివరి నుంచి నాలుగేళ్లు నిండుతున్నాయి. వీరిలో రెగ్యులర్ సర్వీస్‌లోకి తీసుకునేది గరిష్ఠంగా 25 శాతం మందిని. మిగతా వాళ్లు 21 నుంచి 27 ఏళ్ల వయసులో యూనిఫాం విప్పి ఇంటికి వస్తారు. వాళ్ల చేతిలో ఉండేది పింఛన్ కాదు, సేవా నిధి. అంటే ఒకేసారి వచ్చే మొత్తం.

మరి ఆ మొత్తం ఎంత? పింఛన్‌తో పోలిస్తే ఎక్కడ తేడా వస్తుంది? ఆ డబ్బు వచ్చే ముందు కుటుంబాలు ఏం తెలుసుకోవాలి?

రూ.11.71 లక్షల లెక్క ఇలా..

అగ్నిపథ్ పథకాన్ని కేంద్రం 2022 జూన్ 14న ప్రకటించింది. మూడు రోజులకే, జూన్ 17న సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో నిరసన హింసాత్మకంగా మారింది. పోలీసు కాల్పుల్లో వరంగల్ ప్రాంతానికి చెందిన ఒక యువకుడు చనిపోయాడు. అప్పట్లో అభ్యర్థుల ప్రధాన ప్రశ్నల్లో ఒకటి ఇదే.. నాలుగేళ్ల తర్వాత మా పరిస్థితి ఏంటి?

కేంద్రం ఇచ్చిన జవాబు సేవా నిధి. అగ్నివీర్‌కు నెల జీతం మొదటి ఏడాది రూ.30,000, రెండో ఏడాది రూ.33,000, మూడో ఏడాది రూ.36,500, నాలుగో ఏడాది రూ.40,000. ఇందులో 30 శాతం ప్రతి నెలా కట్ అవుతుంది. అంటే మొదటి ఏడాది రూ.9,000 పోగా చేతికి వచ్చేది రూ.21,000. నాలుగో ఏడాది రూ.12,000 పోగా రూ.28,000. రిస్క్, రేషన్, డ్రెస్, ప్రయాణ అలవెన్సులు వేరు. కరువు భత్యం, మిలిటరీ సర్వీస్ పే మాత్రం ఉండవు.

నాలుగేళ్లలో జవాన్ జీతం నుంచి పోగయ్యేది రూ.5.02 లక్షలు. అంతే మొత్తం కేంద్రం కలుపుతుంది. రెండూ కలిపి రూ.10.04 లక్షలు. దీనికి పీపీఎఫ్ స్థాయి వడ్డీ కలిపితే సుమారు రూ.11.71 లక్షలు అవుతుంది. దీని మీద ఆదాయపు పన్ను లేదు.

ఇక్కడ చాలామందికి తెలియని రెండు రూల్స్ ఉన్నాయి. ఒకటి, నాలుగేళ్లు పూర్తి కాకముందే సొంత కారణాలతో అనుమతి తీసుకుని బయటికి వస్తే, తను కట్టిన సొమ్ము, దాని వడ్డీ మాత్రమే వస్తాయి. ప్రభుత్వ వాటా రాదు. రెండు, రెగ్యులర్‌గా ఎంపికైన 25 శాతం మందికి కూడా అంతే. వాళ్లు ఇక పింఛన్ ఉన్న సర్వీస్‌లోకి వెళ్తారు కాబట్టి, సేవా నిధిలో సర్కారు వాటా వాళ్లకు ఉండదు.

రెగ్యులర్ జవాన్‌కు ఏం వస్తుంది?

సిపాయిగా చేరిన వ్యక్తికి పింఛన్ రావాలంటే కనీసం 15 ఏళ్ల సర్వీస్ ఉండాలి. ఆఫీసర్‌కైతే 20 ఏళ్లు. చివరి జీతంలో లెక్కలోకి వచ్చే మొత్తంలో సగం పింఛన్‌గా ఫిక్స్ చేస్తారు. ఉదాహరణకు ఆ మొత్తం రూ.40,000 అనుకుంటే పింఛన్ రూ.20,000. దాని మీద ఏడాదికి రెండుసార్లు సవరించే కరువు భత్యం అదనం. ఏడో వేతన సంఘం ప్రకారం కనీస పింఛనే రూ.9,000.

అంతటితో అయిపోలేదు. గ్రాట్యుటీ ఉంటుంది. పింఛన్‌లో సగం వరకు ముందే అమ్ముకుని ఒకేసారి డబ్బు తీసుకోవచ్చు. దీన్నే కమ్యుటేషన్ అంటారు. పదిహేనేళ్ల తర్వాత ఆ సగం మళ్లీ కలుస్తుంది. సర్వీస్‌లో ఉండగా ప్రావిడెంట్ ఫండ్‌లో దాచుకున్నది వేరుగా వస్తుంది. రిటైరయ్యాక ఈసీహెచ్‌ఎస్ కింద వైద్యం, క్యాంటీన్ సౌకర్యం, మాజీ సైనికుడి హోదా ఉంటాయి.

2004 జనవరి 1 తర్వాత చేరిన కేంద్ర సివిల్ ఉద్యోగులంతా మార్కెట్ మీద నడిచే ఎన్‌పీఎస్‌లోకి వెళ్లారు. త్రివిధ దళాలను మాత్రం అందులోంచి మినహాయించారు. కారణం సింపుల్. సిపాయిని సైన్యం 35, 40 ఏళ్లకే ఇంటికి పంపేస్తుంది. పిల్లల చదువులు, పెళ్లిళ్లు, ఇల్లు, అన్నీ ఆ తర్వాతే. యవ్వనం తీసుకున్నందుకు మిగతా జీవితానికి సర్కారు ఇచ్చే హామీ ఆ పింఛన్.

దానికి తోడు వన్ ర్యాంక్ వన్ పెన్షన్ ఉంది. ఒకే ర్యాంకులో, ఒకే సర్వీస్‌తో రిటైరైన వాళ్లకు, ఎప్పుడు రిటైరైనా ఒకే పింఛన్ ఇవ్వాలన్నది దీని సారాంశం. దశాబ్దాల డిమాండ్ తర్వాత 2015 నవంబర్ 7న కేంద్రం ఉత్తర్వులు ఇచ్చింది. 2014 జూలై 1 నుంచి అమలు చేసింది. ఐదేళ్లకోసారి సవరణ. ఈ విధానాన్ని సుప్రీంకోర్టు 2022 మార్చి 16న సమర్థించింది. 2019 జూలై నుంచి వర్తించే రెండో సవరణకు 2022 డిసెంబర్‌లో కేబినెట్ ఓకే చెప్పింది. అప్పటి లెక్క ప్రకారం లబ్ధిదారులు 25 లక్షల మందికి పైనే. మూడో సవరణ 2024 జూలై 1 నుంచి వర్తిస్తుంది.

అంటే రెగ్యులర్ జవాన్ పింఛన్ ధరలతో పాటు పెరుగుతుంది, వేతన సంఘంతో పెరుగుతుంది, ఓఆర్‌ఓపీతో పెరుగుతుంది. సేవా నిధి మాత్రం ఒక్కసారి చేతికొచ్చాక పెంచాల్సింది ఆ కుర్రాడే. అసలు తేడా ఇక్కడే ఉంది.

నెలకు లెక్కేస్తే ఎంత?

రూ.11.71 లక్షలు వినడానికి పెద్ద మొత్తమే. బ్యాంకులో 7 శాతం వడ్డీకి వేస్తే ఏడాదికి సుమారు రూ.82 వేలు. నెలకు రూ.6,830. రెగ్యులర్ జవాన్ కనీస పింఛన్ రూ.9,000 కంటే ఇది తక్కువ. పైగా దీనికి కరువు భత్యం తోడవదు. వడ్డీ రేటు తగ్గితే ఆదాయమూ తగ్గుతుంది.

అదే మొత్తాన్ని ముట్టుకోకుండా 7.1 శాతం చక్రవడ్డీతో వదిలేస్తే? పదేళ్లకు సుమారు రెట్టింపు. 25 ఏళ్ల కుర్రాడికి 35 ఏళ్లకు రూ.23 లక్షలు, 45కి రూ.46 లక్షలు, 55కి దాదాపు రూ.92 లక్షలు. ఈ మధ్యలో ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగితే, ఆ రూ.92 లక్షల విలువ ఇవాళ్టి రూ.21 లక్షలతో సమానం. తక్కువేం కాదు. కానీ ముప్పై ఏళ్లు ఆ డబ్బు జోలికి పోకుండా ఉండాలి.

పల్లెల్లో అది జరిగే పనేనా? ఇంట్లోకి ఒకేసారి పదకొండు లక్షలు వస్తే ఎదురుచూసే ఖర్చులు చాలా ఉంటాయి. చెల్లి పెళ్లి, ఇంటి స్లాబ్, బోరు, ట్రాక్టర్ డౌన్ పేమెంట్, కౌలు బాకీ, వడ్డీకి తెచ్చిన అప్పు. ఇవేవీ దుబారా కాదు, అవసరాలే. నెలనెలా వచ్చే పింఛన్‌ను ఎవరూ ఒకేసారి అడగలేరు. ఒకేసారి వచ్చిన డబ్బును మాత్రం ఇంటిల్లిపాదీ అడుగుతారు. కాదనడం 25 ఏళ్ల కొడుక్కి అంత తేలిక కాదు.

కేంద్రం వాదన ఏంటి?

కేంద్రం చెబుతున్నది సైన్యం సగటు వయసు తగ్గించడం గురించి. ప్రస్తుతం 32 ఏళ్ల దగ్గర ఉన్న సగటు వయసు 26కి దిగుతుందని, యూనిట్లు చురుగ్గా ఉంటాయని చెప్పింది. పింఛన్ ఖర్చు తగ్గించడం కోసమే ఇదంతా అన్న విమర్శను తోసిపుచ్చింది.

అయితే బడ్జెట్ అంకెలు చూస్తే పింఛన్ భారం చిన్నదేమీ కాదు. 2022-23లో రక్షణ పింఛన్లకు సుమారు రూ.1.19 లక్షల కోట్లు కేటాయించారు. 2025-26కి అది రూ.1.60 లక్షల కోట్లు దాటింది. ఆ ఏడాది మొత్తం రక్షణ బడ్జెట్ రూ.6.81 లక్షల కోట్లలో ఇది దాదాపు 24 శాతం. దీన్ని ఎక్కడో ఒకచోట అదుపు చేయాలని వాదించేవాళ్లూ ఉన్నారు. కానీ బడ్జెట్‌లో తగ్గిన భారం గాల్లో కలిసిపోదు. సర్కారు మోయని రిస్క్‌ను ఇంటికొచ్చిన జవాన్ మోయాలి. ఎన్నేళ్లు బతుకుతాడు, ధరలు ఎంత పెరుగుతాయి, ఉద్యోగం దొరుకుతుందా, జబ్బు చేస్తే ఎలా.. ఇవన్నీ ఇక అతని లెక్కలే.

ప్రాణం పోతే.. అక్కడా తేడానే

ఈ ప్రాంతానికి ఇది పరాయి విషయం కాదు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనా బలగాలతో జరిగిన ఘర్షణలో అమరుడైన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేటే. 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్ ఆయన. మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించారు. తెలంగాణ ప్రభుత్వం ఆయన కుటుంబానికి రూ.5 కోట్లు, హైదరాబాద్‌లో ఇంటి స్థలం, భార్యకు గ్రూప్-1 స్థాయి ఉద్యోగం ఇచ్చింది.

రాష్ట్రాలు ఇచ్చే సాయం వేరు, సర్వీస్ రూల్ ప్రకారం హక్కుగా వచ్చేది వేరు. రెగ్యులర్ సైనికుడు యుద్ధ పరిస్థితుల్లో చనిపోతే భార్యకు లిబరలైజ్డ్ ఫ్యామిలీ పింఛన్ వస్తుంది. అంటే చివరి జీతంలో లెక్కలోకి వచ్చే మొత్తానికి వంద శాతం. ఎన్నేళ్లు సర్వీస్ చేశాడన్నది చూడరు. పెళ్లి కాని జవాన్ అయితే తల్లిదండ్రులకు అందులో భాగం వస్తుంది. ఇద్దరూ ఉంటే 75 శాతం, ఒక్కరే ఉంటే 60 శాతం.

అగ్నివీర్ కుటుంబానికి నెలనెలా పింఛన్ లేదు. రూ.48 లక్షల బీమా, విధి నిర్వహణ కారణంగా చనిపోతే రూ.44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీస్ కాలానికి జీతం, సేవా నిధి వస్తాయి. 2024 జూలైలో పార్లమెంటులో రచ్చ జరిగినప్పుడు ఆర్మీ వివరణ ఇచ్చింది. అమరుడైన అగ్నివీర్ అజయ్ కుమార్ కుటుంబానికి అప్పటికే రూ.98.39 లక్షలు చెల్లించామని, మొత్తం సుమారు రూ.1.65 కోట్లు అందుతుందని చెప్పింది. అంటే డబ్బు అసలు రావడం లేదన్నది కరెక్ట్ కాదు. జీవితాంతం రావడం లేదన్నది మాత్రం నిజం.

ఈ ప్రశ్న ఇప్పుడు కోర్టు గడప తొక్కింది. దాన్ని అక్కడిదాకా తీసుకెళ్లింది కూడా ఒక తెలుగు కుటుంబమే. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ సమయంలో, నియంత్రణ రేఖ దగ్గర పాక్ కాల్పుల్లో వీరమరణం పొందారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రూ.50 లక్షలు, ఐదెకరాల భూమి, 300 గజాల ఇంటి స్థలం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. ఆ తర్వాత 2025 నవంబర్‌లో ఆయన తల్లి బాంబే హైకోర్టుకు వెళ్లారు. అదే సరిహద్దులో, అదే తూటాకు ప్రాణం పోయినప్పుడు రెగ్యులర్ జవాన్ కుటుంబానికి ఇచ్చే పింఛన్ అగ్నివీర్ కుటుంబానికి ఎందుకు ఇవ్వరన్నది ఆ పిటిషన్‌లోని ప్రశ్న. రక్షణ వ్యవహారాల పార్లమెంటరీ స్థాయీ సంఘం కూడా 2024 మొదట్లోనే ఇలాంటి సమానత్వాన్ని సిఫార్సు చేసింది.

ఇంటికొచ్చే ముందు చూసుకోవాల్సినవి

* సేవా నిధి చేతికి రాకముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. ఎంత ఖర్చుకు, ఎంత దాచడానికి అన్నది ముందే తేల్చుకుంటే తర్వాత గొడవ ఉండదు.
* ప్రైవేట్ ఉద్యోగంలో చేరితే పీఎఫ్ కట్ అవుతుందా లేదా చూసుకోవాలి. పదేళ్ల సర్వీస్ నిండితే ఈపీఎస్ కింద 58 ఏళ్ల నుంచి పింఛన్‌కు అర్హత వస్తుంది. మొత్తం చిన్నదే అయినా అది నెలనెలా వచ్చేది.
* ఎన్‌పీఎస్ ఖాతాను ఎవరైనా సొంతంగా తెరవొచ్చు. 25 ఏళ్లకు మొదలుపెట్టినవాడికి, 40కి మొదలుపెట్టినవాడికి చివర్లో వచ్చే మొత్తంలో చాలా తేడా ఉంటుంది.
* ఈసీహెచ్‌ఎస్ వైద్యం ఉండదు కాబట్టి హెల్త్ ఇన్సూరెన్స్ సొంతంగా చూసుకోవాల్సిందే.
* కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లో మాజీ అగ్నివీర్లకు 2022లోనే 10 శాతం కోటా ప్రకటించారు. నోటిఫికేషన్లు మిస్ కాకూడదు. అయితే ఆ బలగాల్లో పింఛన్ విధానం ఆర్మీలాంటిది కాదన్నది గుర్తుంచుకోవాలి.
* ఇప్పటికే పింఛన్ తీసుకుంటున్న మాజీ సైనికులు స్పర్శ్ పోర్టల్‌లో ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. అది ఆగితే పింఛన్ ఆగుతుంది. పని చేసి పెడతామంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లను నమ్మొద్దు.

మళ్లీ ర్యాలీలు వస్తాయి. త్రిపురారం నుంచీ, కోదాడ నుంచీ కుర్రాళ్లు తెల్లవారుజామున రోడ్ల మీద పరుగు ప్రాక్టీస్ చేస్తూనే ఉంటారు. దేశం కోసం వెళ్లాలన్న కోరికను ఎవరూ తప్పు పట్టరు. కానీ తండ్రి తరం చూసిన ఆర్మీ ఉద్యోగం, కొడుకు సంతకం పెడుతున్న ఆర్మీ ఉద్యోగం ఒకటి కావు. ఒకదాంట్లో జీవితాంతం ఆదాయం ఉంది. రెండో దాంట్లో నాలుగేళ్ల జీతం, పదకొండు లక్షల పైచిలుకు మొత్తం, నలుగురిలో ఒకరికి దొరికే అవకాశం ఉన్నాయి. సంతకం పెట్టే ముందు ఈ మూడింటినీ ఇంట్లో అందరూ కూర్చుని లెక్కేసుకోవాలి.